బిందెకు నాలుగు చుక్కలు

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టిన ఎనభైల తొలిరోజుల్లో లావెక్కడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కవేసేవారు కాదు. గృహప్రవేశం అయ్యాక మనిషి కాస్త ఒళ్ళు చేయడం మర్యాదగానే ఉండేది. ఎల్‌బీనగర్ వైపు ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్నారు. కొన్నవాళ్ళు కోస్తా నుంచీ, నల్లగొండ నుంచీ వస్తున్నారు. అమ్మినవాళ్ళు పొలం పని మానేసి కుర్చీల్లో కూర్చుంటున్నారు. రెండు వర్గాలూ లావవుతున్నాయి. కారణం అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల గురించి రాయను. అవన్నీ ఒకేలా ఉంటాయి.

నడవమని చెప్పడం

నేను మొదట పనిచేసింది రంగారావు గారి నర్సింగ్‌హోంలో. మంచి సర్జన్. హెర్నియా ఆపరేషన్ ఆయన చేస్తే చూడముచ్చటగా ఉండేది. కానీ కత్తి అవసరం లేని జబ్బంటే ఆయనకు పెద్దగా గౌరవం లేదు. బరువు పెరిగిందని ఎవరొచ్చినా తలెత్తకుండానే, “అన్నం తగ్గించండి, పొద్దున్నే నడవండి” అని రాసిచ్చేవారు.

ఆ సలహా చాలాసార్లు నిజమే. అందుకే ప్రమాదం. ఎప్పుడూ తప్పయ్యే సలహానైతే జనమే పట్టుకుంటారు. ఎక్కువసార్లు ఒప్పయ్యేదాన్ని ఎవరూ తిరిగి ప్రశ్నించరు.

ఒకసారి మూసారాంబాగ్ నుంచి ఒక తల్లి, కాలేజీ చదివే కూతురిని తీసుకొచ్చింది. అమ్మాయి మొహం పళ్ళెంలా గుండ్రంగా అయింది. పొట్ట మీద ఊదారంగు చారలు. కాళ్ళూ చేతులూ మాత్రం సన్నం. నెలసరి ఆగిపోయింది. రంగారావు గారు అలవాటు ప్రకారం నడవమన్నారు. రెండు నెలల తర్వాత ఇద్దరూ మళ్ళీ వచ్చారు. పిల్ల నడిచింది, అన్నం మానేసింది, ఇంకా లావైంది. దొంగతనంగా తింటోందని తల్లి నా ఎదుటే తిట్టింది. ఆ అమ్మాయి గోడకేసి చూస్తూ కూర్చుంది.

నాకు పిల్లల వైద్యం చెప్పిన గోపాలం మాస్టారు అప్పటికే రిటైరై మలక్‌పేటలో ఉండేవారు. అర్థం కాని కేసు వస్తే ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. ఈ అమ్మాయి సంగతి చెబితే, “నోట్లోకి పోయేది అడిగావు. ఒంటి మీదికి పోయేది అడిగావా?” అన్నారు.

వెళ్ళి అడిగాను. అమ్మాయి రోజూ స్నానం చేసి ఒళ్ళంతా ఒక ఆయింట్‌మెంటు పూసుకుంటోంది. తెల్లబడతావని మందుల షాపులో ఇచ్చారట. అది గజ్జికీ దురదకీ వాడే స్టెరాయిడ్ మందు. కొంచెం రాస్తే చర్మానికి మందు, ఒళ్ళంతా ఏడాది పైగా పూస్తే అది చర్మం దాటి లోపలికి పోయి హార్మోన్ పని చేస్తుంది. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి మెల్లగా తగ్గించాం. మొహం మామూలైంది. చారలు ఉండిపోయాయి. తల్లి ఆ తర్వాత తనకు జ్వరమొచ్చినా కూతురిని వెంటబెట్టుకునే వచ్చేది, తిట్టడం మాత్రం మానేసింది.

అప్పటి నుంచి ఎవరికి బరువు పెరిగినా ఒక ప్రశ్న అదనంగా అడుగుతూ వచ్చాను: ఇంట్లో ఏమేం వాడతారు? రంగారావు గారికి ఇది కాలయాపనగా కనిపించేది. “నువ్వు డాక్టరువా, కిరాణా కొట్టు సర్వేకు వచ్చావా?” అనేవారు. రెండేళ్ళకు నేను బయటికొచ్చి, పెద్దరోడ్డు మీద టైర్ల షాపు పక్కన ఒక మడిగె కిరాయికి తీసుకుని సొంత క్లినిక్ పెట్టుకున్నాను.

ఏడవని పిల్ల

యాదమ్మది ఎల్‌బీనగర్ దగ్గరి పాత ఊరు. వాళ్ళ పొలంలోనే ఒక కాలనీ లేచింది. నాలుగు ప్లాట్లు ఉంచుకుని మిగతావి అమ్మారు. కొడుకు జంగయ్య స్థలాల వ్యాపారం చేసేవాడు. కోడలు సుజాతకు పెళ్ళయిన నాలుగేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. నెలన్నర నిండుతుండగా టీకా కోసం నా దగ్గరికి తీసుకొచ్చారు.

యాదమ్మకు మనవరాలంటే గర్వం. “మా పిల్ల బంగారం డాక్టరమ్మా. పుట్టినకాంచి ఏడ్సుడే లేదు. ఏడ పండవెడితే ఆడనే ఉంటది” అంది.

క్లినిక్‌లో కూర్చున్న మిగతా తల్లులు ఆ పిల్లను అసూయగా చూశారు. బొద్దుగా, నిద్రపోతూ ఉంది. నేను సూది వేశాను. పిల్ల కళ్ళు తెరిచి, కాసేపు ఆలోచించి, బొంగురుగా ఒక్క మూలుగు మూలిగి మళ్ళీ పడుకుంది.

సూది పొడిస్తే ఏడవని పిల్లను మెచ్చుకోవద్దు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

బట్టలు విప్పించి చూశాను. ఒళ్ళు చల్లగా ఉంది. కళ్ళలో పసుపు ఇంకా పోలేదు. నాలుక కాస్త బయటికి ఉంది. బొడ్డు ఉబ్బింది. విరేచనం నాలుగైదు రోజులకోసారి అని సుజాత చెప్పింది. చేతిని ఎత్తి వదిలితే తడిబట్టలా పడిపోతోంది. గడ్డం పైకెత్తి చూస్తే మెడ ముందుభాగం నిండుగా ఉంది. ఆ పిల్ల బొద్దుగా లేదు, ఉబ్బి ఉంది. థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదు.

తలెత్తి సుజాతను చూశాను. నగ వెనక ఆమె మెడ కూడా నిండుగానే ఉంది.

థైరాయిడ్ లేకపోతే పెద్దవాళ్ళు లావవుతారు, మందగిస్తారు, మందు వేస్తే తేరుకుంటారు. పసిపిల్లల సంగతి అలా కాదు. మొదటి నెలల్లో ఆ హార్మోన్ అందకపోతే మెదడు ఎదగదు. తర్వాత ఎంత మందు పోసినా ఆ నష్టం తీరదు. ఇది యాదమ్మకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. రక్తం తీయాలన్నాను.

“గంత సన్న పిల్లకు సూదులేందమ్మా?” అంది. పిల్లకు ఏం తక్కువని రక్తం తీస్తారు, వీధిలో ఇంత బొద్దుగా ఇంకో పిల్లను చూపించమంది. జంగయ్య తల్లి మాట కాదనలేక గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి సుజాతే అంది.

“పాలు తాగుతలేదత్తమ్మా. నోట్ల పెట్టుకొని పంటది. మీరు బాధపడ్తరని చెప్పలే.”

యాదమ్మ కోడలివైపు చూసింది. తర్వాత పిల్లను నా చేతికిచ్చి బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఆ రోజుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే ల్యాబులు నగరంలో ఒకటీ రెండూ. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టేది. రంగారావు గారికి ఫోన్ చేస్తే రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెట్టు, లేకపోతే రేపు నీ మీదికి వస్తుందన్నారు. గోపాలం మాస్టారికి చేస్తే, “రక్తం తీశావుగా? అయితే ఈ పూటే మొదలుపెట్టు. రిపోర్టు కోసం నువ్వు ఆగగలవు, దాని మెదడు ఆగదు” అన్నారు. ఇద్దరూ నా పెద్దలే. ఒకరు నన్ను కాపాడుతున్నారు, ఇంకొకరు పిల్లను కాపాడుతున్నారు. ఆ తేడా కనిపెట్టడం ఈ వృత్తిలో సగం చదువు.

మాత్ర పొడి చేసి తల్లిపాలలో కలిపి పట్టమని చెప్పి పంపాను.

నీళ్ళ రుచి

తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ మెడ వాపు ఉంటే మొదట వచ్చే ఆలోచన అయోడిన్ తక్కువైందని. కొండ ప్రాంతాల్లో అది మామూలే. ఎల్‌బీనగర్‌లో కొండ లేదు. అయినా వీళ్ళు ఏ ఉప్పు వాడుతున్నారో చూద్దామని రెండోనాడు మధ్యాహ్నం క్లినిక్ మూసేసి వాళ్ళింటికి వెళ్ళాను.

కాలనీకి నల్లా నీళ్ళు ఇంకా రాలేదు. బోరునీళ్ళు ఉప్పగా ఉండేవి. తాగడానికి ట్యాంకరు వచ్చేది. వరండాలో ఎర్ర ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. యాదమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. పిల్లకు రక్తం తీసినందుకు ఇంకా కోపంగానే ఉంది, అయినా నీళ్ళివ్వకుండా ఉండలేదు.

ఒక గుక్క తాగాను. ప్రభుత్వాసుపత్రిలో కట్లు కట్టే గదిలో వచ్చే వాసన నోట్లోకి వచ్చింది. గ్లాసు వెలుతురుకు పెట్టి చూస్తే నీళ్ళు పలచని టీ రంగులో ఉన్నాయి.

ఏం కలిపారని అడిగాను. యాదమ్మ కిటికీ మీంచి ఒక సీసా తెచ్చి చూపించింది. టింక్చర్ అయోడిన్. దెబ్బ తగిలితే రాసే మందు. రెండేళ్ళ కింద కాలనీలో కామెర్లొచ్చినప్పుడు, అసోసియేషన్ సెక్రటరీ సుబేదారు గారు ఇంటింటికీ ఒక సీసా ఇచ్చి, నీళ్ళు శుభ్రం కావడానికి బిందెకు నాలుగు చుక్కలు వేయమన్నారట. అప్పటి నుంచీ వేస్తున్నారు.

“నాలుగేనా?”

“సూలింత గదా అని సుజాత బిందెల జర ఎక్కువేసిన. ఇప్పుడు పాలిచ్చే తల్లి. మంచి మందేనాయె” అంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. అది లేకపోతే పనిచేయదు. కానీ చాలా రోజులు మితిమీరి పోస్తే కొందరిలో ఆ గ్రంథి తలుపులు మూసేసుకుంటుంది. పనిచేయడం ఆపేసి వాచిపోతుంది. కడుపులో ఉన్న పిల్ల, పాలు తాగే పిల్ల అందరికంటే ముందు దెబ్బతింటారు. రోజుకు మనకు కావలసింది రవ్వంత. యాదమ్మ మనవరాలి మీద ప్రేమతో దానికి వందల రెట్లు పోస్తోంది.

నేను ఉప్పు సంగతి ఒక్కటే అడిగి వెళ్ళిపోయి ఉంటే, అయోడిన్ తక్కువైందని ఇంకా కొంచెం అయోడినే రాసిచ్చేదాన్ని. ఒక గుక్క నీళ్ళు తాగడం వల్ల ఆ పని చేయలేదు.

సుజాతను మరిగించి చల్లార్చిన మామూలు నీళ్ళే తాగమన్నాను. యాదమ్మ సీసా బిరడా బిగించి, బిగించి, కొంగులో పెట్టుకుంది. తప్పు తనదా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ తప్పు కూడా ఏమీ లేదు.

రిపోర్టు వచ్చేలోపే ఆమె ఒకరోజు పొద్దున్నే క్లినిక్ తాళం తీయకముందే వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నీ మందు పడ్తలేదమ్మా. రాత్రంత ఒకటే లొల్లి. కొంపంత లేపింది. బంగారమసొంటి పిల్లను ఏం జేసినవ్?”

నేను ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఇంకా గట్టిగా ఏడుస్తుందని చెప్పాను. అలా ఏడవడం కోసమే మందిచ్చానని చెప్పాను. ఆమె టీ తాగి, కాసేపు నన్ను అనుమానంగా చూసి, “అయితే మంచిదేనా?” అంది. మంచిదే అన్నాను. అప్పుడు ఏడ్చింది.

సుబేదారు గారు

సూర్యనారాయణ గారిది బాపట్ల వైపు. సైన్యంలో మందుల స్టోరులో పనిచేసి, సుబేదారుగా రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మనిషి నిటారు. కాలనీలో మురికికాలువ తవ్వించింది ఆయనే, కామెర్ల ఏడాది మంచానపడ్డవాళ్ళను ఆటోల్లో ఆసుపత్రికి చేర్చిందీ ఆయనే. వెళ్ళేముందు ఒక దుర్మార్గుణ్ణి ఊహించుకుంటే నా పని తేలికయ్యేది. ఆయన నాకు కుర్చీ తుడిచి వేశారు.

నేను చెప్పింది మొత్తం విన్నారు. నమ్మలేదు.

“మేం సరిహద్దులో ఇవే నీళ్ళు తాగాం డాక్టరుగారూ. ఒక్కడికీ ఏమీ కాలేదు. నేను ఇప్పటికీ తాగుతున్నాను, చూడండి” అన్నారు.

ఆయన మెడ నిజంగానే వాపేమీ లేకుండా శుభ్రంగా ఉంది. ఇందులో ఉన్న చిక్కే అది. ఒకే నీళ్ళు పదిమంది తాగితే ఏడుగురికి ఏమీ కాదు. ఆ ఏడుగురే గట్టిగా మాట్లాడతారు.

“సరిహద్దులో ఎన్నాళ్ళు తాగారండీ?”

“కొండ మీద డ్యూటీ ఉన్నన్నాళ్ళు. కొన్ని వారాలు.”

“ఇక్కడ?”

ఆయన లోపలి గదివైపు చూశారు. మే నెల మధ్యాహ్నం. ఆ గదిలో ఫ్యాను ఆపేసి ఉంది. మంచం మీద ఒకావిడ శాలువా కప్పుకుని పడుకుని ఉంది.

“మా ఆవిడను ఒకసారి చూస్తారా?” అన్నారు.

ఆమె పేరు కామేశ్వరి. బడిలో లెక్కలు చెప్పి, మంచి టీచరనిపించుకుని ఉద్యోగం మానేసిన మనిషి. ఏడాదిన్నరగా ఒళ్ళు పెరిగింది, జుట్టు రాలింది, గొంతు బొంగురుపోయింది. కూర్చున్నచోటే నిద్ర. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పేరున్న నర్సింగ్‌హోంలో చూపిస్తే అన్నం తగ్గించి పొద్దున్నే నడవమన్నారట. ఏ నర్సింగ్‌హోమో నేను అడగలేదు. సూర్యనారాయణ గారు మిలిటరీ మనిషి కనుక సలహా అమలు చేశారు. రోజూ తెల్లవారకముందే ఆమెను లేపి, గడియారం పట్టుకుని కాలనీ చుట్టూ తిప్పారు. దారిలో ఆమె కూర్చుండిపోతే సోమరితనం అన్నారు. అదంతా ఆయనే చెప్పారు, నిలబడి, చేతులు పక్కలకు పెట్టుకుని, పై అధికారికి చెప్పినట్టు.

మెడ పట్టి చూశాను. వాపు నా వేళ్ళ నిండా వచ్చింది.

“నేను మంచే చేద్దామనుకున్నానండీ” అన్నారు.

“మంచే చేశారు. ఎక్కువ రోజులు చేశారు” అన్నాను.

ఆపితే సరిపోదు

ఆ ఆదివారం అసోసియేషన్ షామియానా కింద మీటింగు పెట్టారు. సూర్యనారాయణ గారే లేచి, తాను ఇచ్చిన సీసాలు వెనక్కి ఇవ్వమని అడిగారు. తర్వాత ఇంటింటికీ సంచీ పట్టుకుని తిరిగారు. చాలామంది ఇచ్చారు. కొందరు బాగానే ఉందిగా అని ఇవ్వలేదు. ఒకాయన, ముందు వేయమన్నదీ మీరే, వద్దన్నదీ మీరే, రేపు ఏమంటారో చూసి ఇస్తానన్నాడు.

అసలు ప్రశ్న జంగయ్య వేశాడు. “అయోడిన్ వద్దంటిరి. మళ్ళ కామెర్లొస్తే జిమ్మేదారెవరు?”

మంచి ప్రశ్న. నా దగ్గర గొప్ప జవాబు లేదు. చంటిపిల్లలకూ గర్భిణులకూ మరిగించిన నీళ్ళు, మిగతావాళ్ళకు ట్యాంకరు నీళ్ళు పోసే సంపులో కొలిచి వేసిన బ్లీచింగ్ పొడి అని చెప్పాను. కిరోసిన్ రేషన్ మీద వచ్చే రోజులు. నీళ్ళు మరిగించమనడం నోటికి తేలిక. బ్లీచింగ్ వేస్తే టీలో కూడా ఆ వాసనే వస్తోందని జనం గొణిగారు. ఆ వానాకాలం రెండిళ్ళలో వాంతులు విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ మంచి మందు మాన్పించిందని నా క్లినిక్ ముందే చెప్పుకున్నారు. ఒక రోగిని నేను స్వయంగా సెలైన్ పట్టుకుని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. బతికాడు. మరుసటి వారం వేరే డాక్టరు దగ్గరికి మారిపోయాడు.

ఒక హాని ఆపితే దాని వెనక దాక్కున్న ఇంకో హాని బయటికి వస్తుంది. దాన్ని కూడా చూసుకునే ఓపిక లేకపోతే మొదటిదాని జోలికి వెళ్ళొద్దు. సూర్యనారాయణ గారికి ఆ ఓపిక ఉంది. నల్లా లైను పడేదాకా సంపు మూత తీసి పొడి వేసింది ఆయనే.

ఇప్పటివాళ్ళకు

ఇప్పుడు మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో అన్నం పెట్టుకుంటే లావవుతామా, సెంటూ పౌడరూ హార్మోన్లను చెడగొడతాయా అని అడుగుతారు. కొన్ని రసాయనాలు ఒంట్లో హార్మోన్లలా నటిస్తాయనీ, కొన్ని వాటికి అడ్డుపడతాయనీ మా రోజుల కంటే ఇప్పుడు బాగా తెలుసు. ఏది ఎంత, ఎవరికి, ఎన్నేళ్ళకు అన్నది చాలావాటి విషయంలో ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తేలిందని చెప్పి భయపెట్టకండి. నవ్వి పంపించకండి కూడా. వేడన్నం ప్లాస్టిక్‌లో పెట్టొద్దని చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఇంట్లో ఏం పూసుకుంటారో, ఏం కలుపుకుంటారో, ఎన్నాళ్ళుగానో అడగండి. తిండీ నడకా ఆ తర్వాత చెప్పండి. కుదిరితే వాళ్ళింటి నీళ్ళు తాగండి.

యాదమ్మ మనవరాలి మొదటి రిపోర్టు నేను అనుకున్నట్టే వచ్చింది. మాత్ర కొనసాగించి, మూడేళ్ళు నిండాక ఆపి చూశాం. నెల తర్వాత తీసిన రక్తం రిపోర్టు కోసం ల్యాబుకు నేనే వెళ్ళాను. కవరు అక్కడే చింపి చదివాను. మామూలుగా ఉంది. గ్రంథి తన పని తాను చేసుకుంటోంది. ఆ పిల్ల తర్వాత బడికి వెళ్ళింది, అందరిలాగే కొన్ని పరీక్షలు పాసైంది, కొన్ని తప్పింది. అంతకంటే నేను కోరుకున్నది లేదు.

సుజాత మెడ వాపు నీళ్ళు మార్చిన కొన్ని నెలలకే పోయింది. కామేశ్వరి గారికి ఏడాది పట్టింది. మందు కూడా వాడాల్సి వచ్చింది. చివరిసారి చూపించుకోవడానికి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. మనిషి తేలికపడింది, గొంతు తేటపడింది. ఇంట్లో పిల్లలకు మళ్ళీ లెక్కలు చెబుతున్నానంది. సూర్యనారాయణ గారు ఎలా ఉన్నారని అడిగాను.

“బాగున్నారు. ఆ రోజుల్లో జబ్బుతో పడుకుంటే సోమరితనం అనేవారు” అంది. “ఇప్పుడు నిజంగా సోమరితనంతో పడుకున్నా, డాక్టరుగారిని పిలవనా అంటున్నారు. అది జబ్బు కాదని నేను చెప్పడం లేదు.”

చీటీ తీసుకుని, చెప్పులేసుకుని, బస్సు కోసం రోడ్డు దాటింది.